మదనపల్లె దేహం

1977 మే 9న లాస్ ఏంజెలెస్‌లోని సెడార్స్ సైనాయ్ ఆసుపత్రిలో జిడ్డు కృష్ణమూర్తికి ప్రోస్టేట్ గ్రంథి ఆపరేషన్ జరిగింది. ఇంకో రెండు రోజులు గడిస్తే ఆయనకు ఎనభై రెండేళ్ళు నిండుతాయి. ఆ వయసు మగవాళ్ళకు ఆ గ్రంథి ఉబ్బడం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం మామూలే. మామూలు కానిది ఆపరేషన్‌కు ముందు ఆయన చెప్పిన జాగ్రత్త. దగ్గరుండి చూసుకునే మేరీ జింబలిస్ట్‌తో కొన్ని వారాల ముందు నుంచే అంటూ వచ్చాడట, నేను జారిపోకుండా చూడు, గుర్తు చేస్తూ ఉండు అని. చావంటే బెదిరి అన్న మాట కాదది. ప్రాణం వదిలేయడం తనకు మరీ తేలికని, ఏమరుపాటులో వదిలేస్తానేమోనని ఆయన అనుమానం. పూర్తి మత్తును ఆ ఒళ్ళు తట్టుకోదని వెన్నులోకి ఇచ్చే మత్తుతోనే కానిచ్చారు.

సాయంత్రానికి నొప్పి ముదిరింది. ఇచ్చిన మందు పడలేదు. కళ్ళు తిరిగాయి, వికారం పుట్టింది, దాంతో మందు ఆపేశారు. ఆ తర్వాత చాలాసేపు ఆయన ఈ లోకంలో ఉన్నట్టు లేడు. యాభై ఏళ్ళ కిందట పోయిన తమ్ముడు నిత్యానంద గురించి మాట్లాడాడు. తేరుకున్నాక చెప్పి రాయించినదాన్ని బట్టి చూస్తే, ఆ మంచం మీద శరీరానికీ మరణానికీ మధ్య వాదం నడిచింది. మరణం రమ్మంటుంది, శరీరం ససేమిరా అంటుంది. మధ్యలో మూడోదేదో అడ్డుపడి ఇప్పుడు కాదని తేల్చింది. మేరీ లుటియెన్స్ రాసిన జీవితచరిత్రలో ఈ ఘట్టమంతా ఉంది.

చదివినప్పుడల్లా నన్ను ఆపేది ఆ మూడోది కాదు. తన ఒంటి గురించి ఆయన మాట్లాడే తీరు. నాకు నొప్పిగా ఉంది అనడానికి బదులు శరీరానికి నొప్పిగా ఉంది అన్న ధోరణి. ఎవరో నమ్మి అప్పగించిన సొత్తు గురించి చెప్పినట్టు చెబుతాడు. దానికి మంచి తిండి పెట్టాలి, నడిపించాలి, ఆసనాలు వేయించాలి, మురికి పట్టనివ్వకూడదు. తనూ అదీ ఒకటి కాదు. జీవితమంతా ఆ దూరం మీదే నిలబడ్డ మనిషి, తొమ్మిదేళ్ళ తర్వాత ఇంకో ఆసుపత్రిలో, ఆ దూరం కాస్తా కూలిపోయి, మన తిరుపతి రుయా ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఏ పెద్దాయనైనా అడిగే ప్రశ్నే అడిగాడు. ఆ పతనం గురించి చెబుదామనే ఈ వ్యాసం.

ఆ ఒళ్ళు మొదటి నుంచీ బలహీనమే. 1895 మే 11 అర్ధరాత్రి దాటాక మదనపల్లెలో పుట్టాడు. చిత్తూరు జిల్లా అనేది అప్పటికింకా లేదు, అది 1911లో ఏర్పడింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ పట్టుబట్టి పూజగదిలోనే ప్రసవించింది. పురుటి మైల దేవుడి గదిలోకి రాకూడదన్న రోజుల్లో ఆమె అంత ధైర్యం ఎలా చేసిందో! ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. రెండేళ్ళ వయసులో కడపలో మలేరియా పట్టుకుంది. బతుకుతాడని ఎవరూ అనుకోలేదు. ఆ జ్వరం ఏళ్ళ తరబడి తిరగబెడుతూనే ఉంది, చదువు సాగనివ్వలేదు. 1905లో తల్లి పోయింది. 1909లో తండ్రి ఉద్యోగం కోసం అడయారు చేరినప్పుడు, సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న ఆ బక్కపల్చని పిల్లవాణ్ణి దివ్యజ్ఞాన సమాజం పెద్ద లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువు దిగడానికి తగిన పాత్ర ఇదేనన్నాడు.

పాత్ర! అక్కడే మొదలైంది ఆ దూరం. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి నీ ఒళ్ళు నీది కాదని చెప్పారు. పాలు తాగించారు, తల దువ్వించారు, సైకిలు తొక్కించారు. 1911లో ఇంగ్లండు పంపారు. పిల్లలను తిరిగి ఇమ్మని తండ్రి కోర్టుకెక్కితే మద్రాసు హైకోర్టులో గెలిచాడు గాని, 1914లో ప్రివీ కౌన్సిల్‌లో సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్‌దే పైచేయి అయింది. పిల్లవాడు మదనపల్లె తెలుగు కూడా మరిచిపోయాడు.

నిత్యకు క్షయ సోకింది. దానికి గాలి మంచిదని 1922లో అన్నదమ్ములిద్దరూ కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు చేరారు. తగ్గిందనుకున్నారు. తిరగబెట్టింది. తమ్ముడు బతుకుతాడని దివ్యజ్ఞాన సమాజం కొలిచే మహాత్ములు మాట ఇచ్చారని అన్న నమ్మాడు. 1925 నవంబరు 13న నిత్య ఓహాయ్‌లో పోయాడు. అప్పుడు అన్న ఇండియాకు వస్తున్న ఓడలో ఉన్నాడు, కబురు తంతిలో అందింది. ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ కాలంలోనే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ నడిపిన శానిటోరియంకు దక్షిణాది నలుమూలల నుంచీ క్షయ రోగులు వచ్చేవారు. పుట్టిన ఊరి గాలికి ఊళ్ళవాళ్ళు వస్తుంటే, ఈ ఇద్దరు మదనపల్లె పిల్లలు గాలి కోసం సముద్రాలు దాటారు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో తన కోసం కట్టిన సంఘాన్ని ఆయనే రద్దు చేసి, గురువునని నన్ను పట్టుకోవద్దన్నాడు. సత్యానికి దారులు లేవన్న ఆనాటి ప్రసంగం అందరికీ తెలుసు. దాని వెనక ఆ ఓడలోని తంతి ఉందని నా అభిప్రాయం.

మళ్ళీ ప్రోస్టేట్ దగ్గరకు రావాలి. ఎందుకంటే మా వైపు ఆ మాట పలకడానికే మగవాళ్ళు సిగ్గుపడతారు. పొత్తికడుపు అడుగున, మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత గ్రంథి అది. వయసుతో మామూలుగా ఉబ్బితే ఆపరేషన్‌తో తీరిపోతుంది. అందులోనే కాన్సరు పుడితే మొదట్లో చాలామందికి ఏమీ తెలియదు. పీలేరు నుంచో, పుంగనూరు నుంచో వచ్చే రైతు నడుంనొప్పి అంటాడు. ఏడాది పాటు తైలాలు రాసుకుని, ఎముకల డాక్టరు దగ్గర మాత్రలు మింగి, కాళ్ళు పట్టు తప్పాక తిరుపతి చేరతాడు. అప్పటికి అది వెన్నెముక దాకా పాకి ఉంటుంది. రక్తంలో పి.ఎస్.ఎ. చూసే పరీక్ష 1980ల చివర నుంచే వాడుకలోకి వచ్చింది. కృష్ణమూర్తికి ఆపరేషన్ చేసిన రోజుల్లో వేలితో తడిమి చూడటమే ముఖ్యమైన పరీక్ష.

మగతనపు హార్మోనే ఈ కాన్సరుకు మేత అని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అందుకే ముదిరిన జబ్బుకు చికిత్స అంటే ఆ మేత ఆపడం. వృషణాలు తీసేయడం ఒక దారి, నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ వేసుకోవడం ఇంకో దారి. మొదటిది చవక, ఒకసారితో పోతుంది. దానికి ఒప్పించడమే కష్టం. అరవై అయిదేళ్ళ మనిషి, మనవళ్ళున్న మనిషి, ఆ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు భార్య మొహం చూడలేడు. ఇంజెక్షన్లు మొదలెట్టాక ఒంట్లో ఆవిర్లు కమ్ముతాయి, ఛాతీ ఉబ్బుతుంది, కండ తగ్గుతుంది, ఎముక గుల్లబారుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పడే బాధ ఇన్నాళ్ళకు ఇంటాయనకు వస్తుంది. ఆమె గుర్తుపడుతుంది, ఆయన ఒప్పుకోడు. పి.ఎస్.ఎ. అంకె పడిపోతుంది, ఇంట్లో అందరి ముఖాలూ విచ్చుకుంటాయి, అలిపిరి మెట్లెక్కి తలనీలాలు ఇచ్చి వస్తారు. రెండేళ్ళో అయిదేళ్ళో గడిచాక అంకె మళ్ళీ మెల్లగా లేస్తుంది. మేత లేకుండానే బతకడం నేర్చుకున్న కణాలవి. కీమో తప్పదంటారు. మొక్కు కోసం తానే ఇచ్చిన జుట్టు ఈసారి మందుకు రాలుతుంది.

అలా తిరగబెట్టినప్పుడే ఆ ప్రశ్న వస్తుంది. మొదటిసారి జబ్బని చెబితే చాలామంది అడగరు, డబ్బుల లెక్కలో పడిపోతారు. రెండోసారికి అడుగుతారు. "నేనేం పాపం జేసినాను సామీ?"

కృష్ణమూర్తి 1985 నవంబరు చివర్లో ఆఖరిసారి రిషీవ్యాలీకి వచ్చాడు. మదనపల్లెకు కాస్త దూరంలో, తెట్టు దగ్గర, బండరాళ్ళ కొండల మధ్య ఆయన బడి అది. అక్కడి మర్రిచెట్టు కింద ఎన్ని తరాల పిల్లలు ఆయన మాటలు విన్నారో! ఈసారి మనిషి సగమయ్యాడు. జ్వరం వచ్చి పోతోంది, బరువు తగ్గిపోతోంది, నడకలో తూలుతున్నాడు. డిసెంబరులో ఆయన బడుల ఉపాధ్యాయులు దేశదేశాల నుంచి వచ్చి అక్కడ సమావేశమయ్యారు. ఆయన వాళ్ళతో మాట్లాడాడు, పిల్లలతో మాట్లాడాడు. మాట మాత్రం సన్నబడలేదంటారు విన్నవాళ్ళు. ఆయన గది కిటికీ అద్దం మీద ఒక కూకుడుగువ్వ వచ్చి ముక్కుతో పొడిచేది. మీ పిల్లాజెల్లాతో లోపలికి రండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ నేను పోయాక ఈ గది మూసేస్తారు, మీకు ఇక్కడ బాగుండదు అని ఆయన దానితో చెప్పాడట. పక్కనున్నవాళ్ళు నవ్వుకునే ఉంటారు.

జనవరిలో బొంబాయిలో ఇవ్వాల్సిన ప్రసంగాలు మానుకుని మద్రాసు వెళ్ళాడు. అక్కడి వసంత విహార్ చెట్ల కింద చివరి ప్రసంగం 1986 జనవరి 4న. తొంభై ఏళ్ళ మనిషి, జ్వరంతో, పుట్టుక గురించీ చావు గురించీ మాట్లాడి, ఇదే ఆఖరిదని చెప్పి, కాసేపు ఊరికే కూర్చుందామా అని జనాన్ని అడిగాడు. కూర్చున్నారు.

జనవరి 10 సాయంత్రం అడయారు తీరం మీద నడిచాడు. 1909లో లెడ్‌బీటర్ కంటబడిన ఇసుకే అది. నాలుగు దిక్కులకూ తిరిగి ఒక్కో దిక్కున కాసేపు నిలబడ్డాడని వెంట ఉన్నవాళ్ళు రాశారు. చిత్తూరు జిల్లాలో పెరిగిన నాలాంటివాళ్ళకు అడయారంటే దివ్యజ్ఞాన సమాజం గుర్తుకు రాదు. 1954లో ముత్తులక్ష్మీరెడ్డి పెట్టిన కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గుర్తుకొస్తుంది. తిరుపతిలో ఆ జబ్బుకు దిక్కులేని రోజుల్లో, "ఫలానా ఆయన్ను అడయారుకు తీసకపోయినారంట" అని ఎవరైనా గొంతు తగ్గించి అంటే, జబ్బు పేరు వేరే చెప్పనక్కర లేకపోయేది. ఆ ఆసుపత్రికి కాస్త దూరంలోనే, పేరు పెట్టని కాన్సరును క్లోమంలో మోసుకుంటూ ఆ సాయంత్రం ఆయన నడుస్తున్నాడు.

క్లోమం కడుపు వెనక దాక్కుని ఉంటుంది. అక్కడ పుట్టిన గడ్డ చేతికి తగలదు, నొప్పి వచ్చేసరికి చాలాసార్లు కాలేయానికి పాకి ఉంటుంది. ప్రోస్టేట్ కాన్సరు మనిషికి ఏళ్ళు ఇస్తుంది, తగ్గడానికీ తిరగబెట్టడానికీ వ్యవధి ఇస్తుంది. క్లోమం అదేమీ ఇవ్వదు.

నడక అయిన ఆ రాత్రే కృష్ణమూర్తి విమానమెక్కి సింగపూరు, టోక్యోల మీదుగా లాస్ ఏంజెలెస్ చేరాడు. జనవరి 22న శాంటా పౌలా కమ్యూనిటీ ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ విభాగంలో చేర్చారు. ముక్కులో గొట్టం, ఛాతీ నరంలోకి ఆహారం, రక్తం ఎక్కించడం. అక్కడే తేలిపోయింది, క్లోమం కాన్సరు, కాలేయానికి పాకింది, మందు లేదు. డాక్టరు గ్యారీ డాయిష్ దాచలేదు. మా ఇళ్ళల్లో ఇది జరగని పని. రిపోర్టు కొడుకు జేబులో ఉంటుంది, పెద్దాయనకు పుండని చెబుతారు, గడ్డని చెబుతారు, వాపని చెబుతారు. వార్డు బోర్డు మీద రాసినది చదవడం వచ్చిన పెద్దాయన కూడా చదవనట్టు నటించి కొడుకు పరువు కాపాడతాడు. కృష్ణమూర్తికి ఆ నాటకం అక్కర లేకపోయింది. ఇంకో సంగతి, లుటియెన్స్ రాసినదే, నాకు భలే నచ్చుతుంది. ఈయనకు క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాలంటే ఇష్టమని తెలిసి ఆ డాక్టరు వీడియో టేపులు తెచ్చిపెట్టాడు. జగద్గురువు అనిపించుకోవాల్సిన మనిషి మంచం మీద పడుకుని కౌబాయ్ తుపాకుల కాల్పులు చూస్తున్నాడు.

అప్పుడే అడిగాడు. తనకీ జబ్బు ఎందుకొచ్చింది, తానేం తప్పు చేశాడు? అప్పగించిన శరీరాన్ని సరిగా చూసుకోలేదా? ఒక్కసారి కాదు, ఆ ఆలోచన ఆయన్ను వదల్లేదు.

అరవై ఏళ్ళు ఆయన చెప్పిందంతా ఇందుకు విరుద్ధం. పాపం, ప్రాయశ్చిత్తం, కర్మ లెక్కలు, ప్రతిఫలం కోసం మొక్కే మొక్కులు, వీటన్నిటినీ కొట్టిపారేశాడు. మా పెద్దాయన పాపం అంటాడు, ఆయన తప్పు అన్నాడు. ఒకరు వెంకన్నకు జవాబుదారీ, ఇంకొకరు పేరు పెట్టని దేనికో జవాబుదారీ. తేడా అంతే. మదనపల్లె ఇంటి పూజగదిలో మొదలైన ఒళ్ళు, లెడ్‌బీటర్ పాత్ర అన్న ఒళ్ళు, చివరికి ఏడుకొండల కింద ఎవరైనా అడిగే మాట దగ్గరకే ఆయన్ను దింపింది. ఆ మాట బయటికి రాకుంటే బాగుండునని భక్తులెవరైనా అనుకుంటారేమో. నాకైతే ఆయన మీద మొదటిసారి దగ్గరితనం కలిగింది ఇక్కడే.

జనవరి 30న ఆసుపత్రి వదిలి ఓహాయ్‌లోని పైన్ కాటేజీకి వచ్చాడు. ఇండియా నుంచి స్నేహితురాలు పుపుల్ జయకర్, ఇంగ్లండు నుంచి లుటియెన్స్, ఇంకా ఎందరో వచ్చారు. మంచం చుట్టూ ట్రస్టుల గొడవలు, పుస్తకాల హక్కులు, ఎవరికేం చెప్పాడన్న పట్టింపులు. తన మాటలకు భాష్యం చెప్పే అధికారం ఎవరికీ లేదని, వారసులు లేరని మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. నొప్పికి మార్ఫిన్ పెంచుతూ పోయారు. కుర్చీలో బయటికి తీసుకెళ్ళమని, 1922లో తనకు పెద్ద అనుభవం కలిగిన మిరియపు చెట్టు కింద కాసేపు ఒంటరిగా వదలమని అడిగాడు. ఫిబ్రవరి 7న ఒక ప్రశ్నకు జవాబుగా టేపు మీద చెప్పాడు. డెబ్భై ఏళ్ళుగా ఒక మహాశక్తి ఈ శరీరాన్ని వాడుకుంది, ఇలాంటి శరీరం మళ్ళీ వందల ఏళ్ళ దాకా రాదు, అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు అని. ఆ టేపు మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. గర్వం అన్నవాళ్ళున్నారు, సత్యం అన్నవాళ్ళున్నారు. నాకు అందులో వినిపించేది పద్నాలుగేళ్ళ పిల్లవాడికి అడయారులో నూరిపోసిన పాఠం. ఎన్ని సంఘాలను రద్దు చేసినా ఆ ఒక్క పాఠం లోపల ఎక్కడో మిగిలిపోయింది.

1986 ఫిబ్రవరి 17 అర్ధరాత్రి దాటి పది నిమిషాలకు పోయాడు. ప్రార్థనలు, కర్మకాండలు ఏవీ వద్దన్నాడు. వెంచురాలో దహనం చేసి, చితాభస్మాన్ని అమెరికాకు, ఇండియాకు, ఇంగ్లండుకు పంచారు.

అదే ఏడు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి ఎన్.టి. రామారావు శంకుస్థాపన చేశాడు, అది 1993లో మొదలైంది. అలిపిరి దగ్గర టి.టి.డి. ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల కాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తలుపులు తెరిచింది. ఇప్పుడు పీలేరు రైతు అడయారు రైలెక్కనక్కర లేదు. ఆ ఆసుపత్రికి దగ్గర్లోనే కొండకు మెట్లు మొదలవుతాయి. ప్రశ్న మాత్రం వార్డులోనూ అదే, మెట్ల మీదా అదే.

దానికి వైద్యం చెప్పే జవాబు ఒకటుంది. కృష్ణమూర్తి మాంసం ముట్టలేదు, మద్యం ముట్టలేదు, పొగ తాగలేదు, తొంభై ఏళ్ళు ఆ ఒంటిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. కణాలు విడిపోయేటప్పుడు పడే పొరపాట్లు వయసుతో పాటు పోగవుతాయి. ఎక్కువకాలం బతికినవాళ్ళకు ఎక్కువగా రావడంలో ఎవరి నేరమూ లేదు. డాక్టర్లు ఇది రోగికి చెబితే, రోగి తలూపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఇంజెక్షన్ మళ్ళీ ఎప్పుడని అడిగి, గుమ్మం దాటుతూ తోడొచ్చిన కొడుకుతో అంటాడు, "అట్లయితే నేనేం పాపం జేసినట్టు నాయనా?"